పాల సెంటరు దగ్గర మొదలైన కేసు

సుగుణ మణికట్టు విరిగిందని మాకు చెప్పింది సుగుణ కాదు. వాళ్ళమ్మా కాదు. ఊళ్ళో పాల సెంటరు నడిపే అక్క ఫోన్ చేసి చెప్పింది. "మేడం, మూడు దినాలుగా పాలు పాప తెస్తా ఉండాది. అయిదో క్లాసు పిల్ల. ఈ పొద్దు సుగుణే వచ్చింది గానీ, క్యాను ఎడమచేత్తో పట్టుకోనుండాది. కుడిచెయ్యి కొంగు కింద నుంచి బయటికి తియ్యనే లేదు."

ఆ ఫోన్ రావడానికి ఎనిమిది నెలల ముందు, గృహహింస బాధితులకు సాయం చేసే మా సంస్థ రిజిస్టర్‌లో సుగుణ కేసును 'రాజీతో పరిష్కారం' అని రాసి మూసేసింది నేనే. రాజీ కాగితం మీద సాక్షి సంతకం కూడా నాదే. అంగన్‌వాడీలోనో, సమాఖ్యలోనో, సచివాలయంలోనో కూర్చుని ఇలాంటి ఆడవాళ్ళ మాట మొదట వినేవాళ్ళకు పనికొస్తుందని ఈ కేసు మొత్తం రాస్తున్నాను. సుగుణ ఆమె అసలు పేరు కాదు. ఊరి పేరు రాయను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. రాసింది ఆమెకు చదివి వినిపించాను. రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశాను.

మేం పనిచేసేది చిత్తూరు జిల్లా తూర్పు అంచున, కార్వేటినగరం, వెదురుకుప్పం, పాలసముద్రం వైపు. మామిడి తోపులు, చెరకు, ఇంటికి రెండు ఆవులు. అవతల పళ్ళిపట్టు, అది తమిళనాడు. సరిహద్దు దాటి పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఇక్కడ మామూలే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, మేం చిత్తూరులో ఉండిపోయాం. బట్టలకు, ఆస్పత్రికి, కట్టు కట్టించుకోవడానికి పుత్తూరో తిరుపతో పోయే మనిషి గవర్నమెంటు పని పడితే మాత్రం చిత్తూరు బస్సు ఎక్కాలి. కొట్టించుకున్న ఆడమనిషికి ఈ తేడా చాలా పెద్దది. పుత్తూరు పోయొస్తానంటే ఇంట్లో ఎవరూ అడగరు. చిత్తూరు అంటే "ఎందుకు?" అంటారు.

సుగుణకు ముప్పై దాటాయి. పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాదే వాళ్ళమ్మ తన సొంత తమ్ముడికిచ్చి చేసింది. అంటే మొగుడు మేనమామ, అత్త అమ్మమ్మ. సుగుణ ఇప్పటికీ ఆయన్ని 'మామ' అనే అంటుంది, అత్తను 'అవ్వ' అంటుంది. ఈ వైపు మేనరికాలు ఎక్కువ. బయటి నుంచి వచ్చి శిక్షణ ఇచ్చే వాళ్ళకు ఈ సంగతి తట్టదు. "పుట్టింటి వాళ్ళ సాయం తీసుకోండి" అని చెప్పి పోతారు. సుగుణ పుట్టిల్లు ఏది? మొదటిసారి దెబ్బలు తిని పళ్ళిపట్టు పోయినప్పుడు వాళ్ళమ్మ సంగటి పెట్టి, పక్కన కూర్చుని అన్నదంట: "వాడు నా తమ్ముడు, నీకు మొగుడు. నేను ఎవరి పక్క మాట్లాడేది, చెప్పు?" ఆ తల్లికి కూతురి మీద ప్రేమ లేక కాదు. కూతురి పక్క నిలబడితే తన పుట్టిల్లు తెగిపోతుంది. మేనరికం ఇంట్లో ఒక్క ఫిర్యాదుకు రెండు ఇళ్ళూ కదిలిపోతాయి. అందుకే ఆడవాళ్ళు మిగతా చోట్ల కంటే ఎక్కువ కాలం నోరు మూసుకుంటారని నా అనుభవం.

నోరు మూసుకోవడం ఇక్కడే కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, దేశంలో పెళ్ళయిన 18–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మంది భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస అనుభవించారు. హింసకు గురైన ఆడవాళ్ళలో సాయం అడిగిన వాళ్ళు 14 శాతమే. 77 శాతం మంది సాయం అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. మా పని ఈ 77 మంది కోసమే అయ్యుండాలి. కానీ చాలా ఏళ్ళు మేం ఆ 14 మంది కోసమే ఆఫీసు తెరిచి కూర్చున్నాం.

మొదటిసారి ఏం చేశాం

సుగుణ మొదటిసారి మా దగ్గరికి వచ్చింది గ్రామ సమాఖ్య లీడర్ వెంట. వీపు మీద వాతలున్నాయి. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పింది. మేం అప్పటి మా పద్ధతి ప్రకారం వారం తర్వాత ఇద్దర్నీ పిలిపించాం. ఆయన తెల్లచొక్కా వేసుకుని, ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని వచ్చాడు. మర్యాదగా మాట్లాడాడు. "తప్పయిపోయింది మేడం, కాయల సీజన్లో లోడింగ్ టెన్షన్లో చెయ్యి చేసుకున్నా" అన్నాడు. మామిడికాయల లారీలకు లోడింగ్ మేస్త్రీ ఆయన. ఇకమీద కొట్టను, ఆమె కూడా ఎదురు మాట్లాడదు అని ఒక తెల్లకాగితం మీద రాయించాం. ఇద్దరూ సంతకం పెట్టారు. "నీకు సమ్మతమేనా?" అని నేను ఆయన ముందరే ఆమెను అడిగాను. తలూపింది.

ఆ తర్వాత జరిగింది ఎనిమిది నెలలకు గానీ తెలియలేదు. ఇద్దరూ ఒకే బస్సులో పోయారు. కిటికీ పక్క సీటు ఆమెకిచ్చాడు. టికెట్ ఆయనే తీసుకున్నాడు. దారిలో బజ్జీలు కొనిచ్చాడు. ఇంటికి పోయి తలుపేసిన తర్వాత అడిగాడు: "నన్ను పరాయోళ్ళ ముందర నిలబెడతావా?"

ఆ రాజీలో రెండు తప్పులున్నాయి. కాగితంలో 'ఆమె కూడా ఎదురు మాట్లాడదు' అని రాయించడం మొదటిది. కొట్టడానికి కారణం ఆమెలో ఉందని మేమే సంతకం పెట్టి ఒప్పుకున్నట్టు అయింది. గృహహింస చట్టం కింద 2006లో వచ్చిన నిబంధనల్లో ఈ విషయం తేటగా ఉంది. కౌన్సెలింగ్‌లో హింసకు సమర్థనగా ఎదుటివాడు ఏ కారణమూ చెప్పనివ్వకూడదు. మళ్ళీ జరగదన్న హామీ తీసుకోవడమే కౌన్సెలింగ్ పని. నేను ఆ నిబంధన చదివాను కూడా. ఆ రోజు ఆ గదిలో గుర్తు రాలేదు. కొట్టినవాణ్ణీ, దెబ్బలు తిన్న ఆమెనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టడం రెండో తప్పు, అలా కూర్చుంటే ఆమె నిజం చెప్పలేదు. ఇది తెలుసుకోవడానికి చట్టం కూడా అక్కర్లేదు.

ఆమె మళ్ళీ మా గడప తొక్కలేదు. ఎందుకు రాలేదని తర్వాత అడిగితే, "ఒకసారి చెప్పినా కదా మేడం" అంది. నిష్ఠూరంగా అనలేదు. అది విన్న రోజు నుంచి నా పని తీరు మారింది. పల్లెలో ఆడమనిషి ఒక్కసారే నోరు తెరుస్తుంది. ఆ ఒక్కసారికే పనంతా జరిగేట్టు మనం సిద్ధంగా ఉండాలి. ఆమెను రెండోసారి, మూడోసారి రమ్మనే ఏ ఏర్పాటైనా, ఎంత మంచి మనసుతో పెట్టిందైనా, ఆమెను తిరిగి ఇంటికి పంపించేదే.

పుత్తూరు కట్టు

పాల సెంటరు అక్క ఫోన్ చేసిన రోజు సాయంత్రమే నేనూ, మా ఫీల్డు వర్కరూ ఊరికి పోయాం. ఇంటికి పోలేదు. పాలు పోసే టైముకు సెంటరులోనే కూర్చున్నాం. వెనక గది ఉంది, క్యాన్లు కడిగేది. సుగుణ చెయ్యి అప్పుడు చూశాను. వెదురు దబ్బలు పెట్టి, గుడ్డ చుట్టి, మందు పూసి బిగుతుగా కట్టిన కట్టు. వేళ్ళు ఉబ్బి, గోళ్ళ దగ్గర నీలంగా ఉన్నాయి. మూడు రోజుల కింద చెయ్యి మెలితిప్పాడు. పక్కరోజు అవ్వే బస్సెక్కించి కట్టు వేయించుకొచ్చింది. ఎవరైనా అడిగితే బావి దగ్గర జారిపడిందని చెప్పమంది.

ఎముక విరిగితే పుత్తూరు కట్టు అన్నది మా వైపు తరతరాల నమ్మకం. తమిళనాడు నుంచీ, కర్ణాటక నుంచీ జనం వస్తారు. ఆ నమ్మకాన్ని తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. కానీ గృహహింస పనిలో దానివల్ల ఒక పెద్ద ఖాళీ ఏర్పడుతుంది. ఆస్పత్రికి పోతే ఓపీ చీటీ వస్తుంది, ఎక్స్‌రే వస్తుంది, ఎలా తగిలిందని డాక్టర్ అడిగి రాస్తారు. కట్టు దగ్గర ఏ కాగితమూ ఉండదు. తీవ్రమైన గాయమైన విరిగిన ఎముక ఏ రికార్డులోనూ పడకుండానే అతుక్కుంటుంది.

మరుసటి రోజు ఆమెను గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకుపోయాం. ఎక్స్‌రేలో ఎముక విరిగినట్టు తేటగా కనిపించింది. డాక్టర్ ఎలా తగిలిందని అడిగితే సుగుణ నా మొహం చూసింది. నేను గదిలోంచి బయటికి వచ్చేశాను. ఆమె మాట ఆమే చెప్పాలి. బయట కూర్చుని ఎదురుచూసిన ఆ పది నిమిషాలు నాకు చాలా పొడుగ్గా గడిచాయి. చీటీ మీద 'భర్త చెయ్యి మెలితిప్పాడని చెబుతోంది' అని రాసి ఇచ్చారు. గాయం ఆలస్యంగా చూపించినా ఆ కాగితానికి విలువ ఉంటుంది. ఇప్పుడు ఆశా కార్యకర్తలకు మేం చెప్పేది ఒకటే: కట్టు వద్దనకండి, ముందు గవర్నమెంటు ఆస్పత్రి, తర్వాత ఎక్కడికైనా. చట్టం 7వ సెక్షన్ ప్రకారం గృహహింసకు గురైన మనిషికి ఆస్పత్రి వైద్యం చెయ్యాల్సిందే. ఫిర్యాదు కాగితం లేదని వెనక్కి పంపకూడదు.

ఆమెకు ఏం కావాలి

ఆస్పత్రి వరండాలో సుగుణను అడిగాను, నీకేం కావాలి అని. వెంటనే చెప్పింది. ఎన్నాళ్ళ నుంచో లోపల అనుకుంటున్నట్టుంది. "నా ఇల్లు నాకు కావాల. ఆవులు కావాల. కొట్టకూడదు. జైలుకు పంపొద్దు, మా అమ్మ చచ్చిపోతుంది."

కేసు పెడితే మొగుడు జైలుకు పోతాడు, సంసారం అయిపోతుంది అన్నది పల్లెల్లో అందరికీ ఉన్న భయం. భర్త, అత్తింటివారి క్రూరత్వం మీద క్రిమినల్ కేసు ఒక దారి. పాత 498ఏ అది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. 2005 నాటి గృహహింస చట్టం వేరే దారి. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద మేజిస్ట్రేట్ కొట్టొద్దని రక్షణ ఉత్తర్వు ఇస్తారు (18వ సెక్షన్), ఇంట్లోంచి గెంటకుండా నివాస ఉత్తర్వు ఇస్తారు (19), ఖర్చులకు డబ్బు ఇప్పిస్తారు (20). రక్షణ ఉత్తర్వు మీరితేనే అది నేరం, ఏడాది దాకా జైలు, 20,000 రూపాయల దాకా జరిమానా. సుగుణ అడిగిన నాలుగు మాటలూ ఈ చట్టంలో ఉన్నట్టే ఉన్నాయి. చెయ్యి విరిగింది కాబట్టి క్రిమినల్ దారి కూడా ఎప్పుడైనా తెరిచే ఉంటుందని చెప్పాం. నిర్ణయం ఆమెదే. గృహహింస కేసు చాలంది.

నిర్ణయం వినే ముందు ఇంకో పని ఉంది. ఎనిమిది నెలల కింద నేను చెయ్యని పని. ప్రమాదం ఎంతో అడగడం. చంపుతానన్నాడా, ఇంట్లో కత్తి, కొడవలి చూపించాడా, పిల్లలను కొడతాడా, తాగుడు ఎక్కువైందా, గొంతు పట్టుకున్నాడా. గొంతు దగ్గర ఆగి, "రెండుసార్లు" అంది. గొంతు నొక్కడం మామూలు దెబ్బల్లో ఒకటిగా చూడకూడదు. గొంతు నొక్కిన చేతిలో ఆ ఆడమనిషి తర్వాత హతమయ్యే ప్రమాదం చాలా ఎక్కువని ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న విషయం. గాయం కనిపించకపోవచ్చు కూడా. ఇలాంటి ప్రశ్నలు అడగకుండా రాజీ చేయించడం అంటే చూడకుండా వైద్యం చెయ్యడమే.

చట్టం నిబంధనల్లో 5వ ఫారం పేరే భద్రతా ప్రణాళిక. మేం దాన్ని ఆ క్యాన్ల గదిలో కూర్చుని ఆమె మాటల్లోనే తయారు చేశాం. రాత్రి గొడవ మొదలైతే ఏ తలుపు దగ్గర ఉండాలి, పిల్లలను ఎవరింటికి పంపాలి, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు ఎక్కడ. మామిడికి కొట్టే పురుగుల మందు ఇంట్లో ఎక్కడ పెడతారని కూడా అడిగాం. ఆ రోజే అది తోపులోని మోటారు షెడ్డుకు పోయింది. ఇంట్లో మందు డబ్బా ఉందా అని అడగడానికి మొహమాటపడే వాళ్ళు ఈ పనిలో ఉండకూడదు.

ఆధార్ దగ్గర ఒక చిక్కు బయటపడింది. కార్డులన్నీ ఆయన పెట్టెలో ఉన్నాయి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లె వైపు తిరిగే ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బు లేదు. మా పనికి అది ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను. చేతిలో రూపాయి లేని ఆడమనిషి చిత్తూరు పోయి రాగలుగుతోంది. కానీ కండక్టరుకు గుర్తింపు కార్డు చూపించాలి. కార్డు మొగుడి పెట్టెలో ఉంటే బస్సు ఆమెకు ఉచితం కాదు. ఇప్పుడు సంఘం మీటింగుల్లో 'మీ ఆధార్ ఎవరి దగ్గర ఉంది?' అని అందరినీ అడుగుతున్నాం. ఎవరినీ వేలెత్తి చూపని ప్రశ్న అది. జవాబుల్లోనే చాలా తెలిసిపోతుంది.

కాగితం తిరిగింది, మనిషి కాదు

ముందు ఇలాంటి కేసులో ఆడమనిషి స్టేషన్‌కు ఒకసారి, ఆస్పత్రికి ఒకసారి, గృహహింస చట్టం కింద గవర్నమెంటు పెట్టిన రక్షణాధికారి దగ్గరికి చిత్తూరుకు ఒకసారి, లాయరు కోసం ఒకసారి తిరిగేది. నాలుగో ట్రిప్పు వచ్చేసరికి సగం మంది ఉండరు. చట్టం 10వ సెక్షన్ ప్రకారం నమోదైన సేవా సంస్థ గృహహింస నివేదికను, అదే 1వ ఫారాన్ని, తానే రాసి మేజిస్ట్రేట్‌కూ రక్షణాధికారికీ పంపవచ్చు. మాకు ఆ నమోదు ఉంది. అయినా అలవాటు కొద్దీ మనుషులనే పంపేవాళ్ళం. సుగుణ కేసులో ఫారం సమాఖ్య భవనంలోనే రాశాం. లీగల్ సర్వీసెస్ లాయరు ఫోన్లో మాట్లాడి, కాగితాలు తెప్పించుకున్నారు. ఆడవాళ్ళకు ఆదాయం ఎంతైనా ఉచిత న్యాయ సహాయం హక్కు, నంబరు 15100. సుగుణ చిత్తూరు పోయింది ఒక్కసారే, కోర్టుకు. హింసకు గురైన ఆడవాళ్ళకు ఆశ్రయం ఇచ్చే వన్ స్టాప్ సెంటర్‌లో అయిదు రోజుల దాకా ఉండవచ్చని చెప్పాం. "ఆవులను ఎవరు చూసేది?" అంది.

మధ్యలో ఒక చేదు అనుభవం. కేసు నడుస్తుండగా ఆయన సుగుణను పుత్తూరు బస్టాండులో అందరి ముందర కొట్టాడు. అక్కడి ఒక స్టేషన్‌కు పోతే "మీది ఆ జిల్లా, అక్కడే ఇచ్చుకోండి" అన్నారు. 2024 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం తీసుకోవాలి. జీరో ఎఫ్ఐఆర్ అంటారు. పైగా ఇక్కడ నేరం జరిగింది ఆ స్టేషన్ పరిధిలోనే. సెక్షన్ నంబరు రాసిన చీటీ బల్ల మీద పెట్టిన తర్వాత తీసుకున్నారు. ఆమె ఒక్కతే పోయి ఉంటే తిరిగి వచ్చేసేది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

కోర్టులో వాళ్ళ వాదన ఒకటే: ఇంటి పట్టా ముసలామె పేర ఉంది, మనవరాలికి హక్కు లేదు. 2020 అక్టోబరులో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు దీనికి జవాబు చెప్పేసింది. ఇల్లు అత్తమామల పేర ఉన్నా, కోడలు కాపురం చేసిన ఇల్లే అయితే అది ఉమ్మడి నివాసం కిందికి వస్తుంది. అంతకుముందు పదేళ్ళకు పైగా ఈ ఒక్క కారణంతో ఎందరో ఆడవాళ్ళు మధ్యంతర ఉత్తర్వు దగ్గరే ఓడిపోయారు. మొదటి విచారణ మూడు రోజుల్లో, తీర్పు 60 రోజుల్లో అని చట్టంలో ఉంది. మాకు మధ్యంతర ఉత్తర్వు నాలుగో వాయిదాకు వచ్చింది: కొట్టకూడదు, ఇంట్లోంచి పంపకూడదు, నెల నెలా ఖర్చు ఇవ్వాలి. అసలు తీర్పు ఇంకా రాలేదు.

ఉత్తర్వు జిరాక్సు ఒకటి పాల సెంటరులో పెట్టాం. ఒక రాత్రి ఆయన తాగి వచ్చి తలుపు తన్నినప్పుడు సుగుణ పక్కింటి ఫోన్‌తో 112కు చేసింది. పోలీసు జీపు వచ్చింది, సుగుణ ఉత్తర్వు చూపించింది, ఆయన్ని తీసుకుపోయారు. ఆ తర్వాత చెయ్యెత్తలేదు. మాటలు మాత్రం ఆగలేదు.

తాగుడే కారణమని ఊళ్ళో అందరూ అంటారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం మా ఊళ్ళదాకా వచ్చింది. సమాఖ్యలో పెద్ద వయసు ఆడవాళ్ళకు సారా ప్యాకెట్లు తగలబెట్టిన జ్ఞాపకం ఇంకా ఉంది. ఆ బలాన్ని నేను గౌరవిస్తాను. తాగుడు తగ్గితే దెబ్బలు తగ్గిన ఇళ్ళు చూశాను. కానీ తాగిన మనిషి దారిలో సేటును కొట్టడు, లారీ ఓనరును కొట్టడు. దారంతా ఓర్చుకుని ఇంటికొచ్చి ఇంటామెను కొడతాడు. ఎవరిని కొట్టవచ్చో తాగినా ఆయనకు గుర్తుంటుంది. కాబట్టి మందు మాన్పించే పని, కొట్టకుండా ఆపే పని రెండూ వేరుగా చెయ్యాలి.

ఆవు ఎవరిది

ఈ కేసులో నాకు ఎక్కువ నేర్పింది పాల చీటీ. రెండు ఆవుల్లో ఒకటి సుగుణ డ్వాక్రా సంఘంలో లోను తీసుకుని కొన్నది. కంతు ఆమే కడుతుంది. గడ్డి కోసేది, పితికేది, రెండు పూటలా క్యాను మోసేది ఆమే. సెంటరులో మెంబరు నంబరు మాత్రం మొగుడి పేర. పాల బిల్లు ఆయన ఖాతాలో పడుతుంది. కంతు కట్టడానికి డబ్బు అడిగిన రోజే చెయ్యి విరిగింది. ఇది ఆర్థిక హింస, చట్టం 3వ సెక్షన్‌లో దెబ్బలతో సమానంగా రాసి ఉంది. అయినా మేం మొదటిసారి వీపు మీద వాతలు చూశాం గానీ, పాల బిల్లు ఎవరి ఖాతాలో పడుతోందని అడగలేదు.

దీనికి కోర్టు అక్కర్లేకపోయింది. పాల సెంటరు అక్క సుగుణ పేరుతో కొత్త నంబరు తెరిచి, సంఘం లోను ఆవు పాలు దానికింద పట్టింది. ఆయన కోపంతో వారం రోజులు పాలను ప్రైవేటు వ్యానుకు పోశాడు. తెల్లారి నాలుగింటికి లేచి పితకడం ఆయన వల్ల కాలేదు. ఎనిమిదో రోజు క్యాను మళ్ళీ సుగుణ చేతికే వచ్చింది, ఈసారి తన నంబరు మీద.

ఆ సెంటరు నుంచే మేం మా పద్ధతి మార్చుకున్నాం. పల్లెలో ఆడమనిషి రోజుకు రెండుసార్లు ఎవరి అనుమతీ అడక్కుండా ఇల్లు దాటే చోటు అది. ఎవరి చెయ్యి వాచింది, ఎవరి బదులు పిల్ల వస్తోంది అన్నది అక్కడ కూర్చున్న మనిషికి తెలుస్తుంది. సెంటరు నడిపే ఆడవాళ్ళను కౌన్సెలర్లను చెయ్యాలని మేం చూడలేదు. నమ్మండి, ఊళ్ళో చెప్పకండి, మాకు ఫోన్ చెయ్యండి, అంతే. మా నంబరు వాళ్ళ ఫోన్‌లో ఉంటుంది, బాధితురాలి ఫోన్‌లో ఉండదు, మొగుడు చూస్తాడు కాబట్టి. పాలు పోసే ఆమె ఒక మామూలు మాట అంటే వెనక గదికి పిలుస్తారు. ఆ మాట ఇక్కడ రాయను, ఊరికొకటి ఉంది.

పెద్దమనుషుల దగ్గరికి కూడా పోయాం. పంచాయితీలు ఆపేయమని చెప్తే వినరు. ఆడవాళ్ళు మొదట పోయేది వాళ్ళ దగ్గరికే. దెబ్బ కనిపిస్తే పంచాయితీ పెట్టొద్దు, ఆడమనిషిని విడిగా ఒక ఆడమనిషి చేత అడిగించండి, హక్కు వదులుకున్నట్టు కాగితం రాయించొద్దు అని అడిగాం. కొందరు ఒప్పుకున్నారు. ఒకాయన "మీరే రాయించారు గదమ్మా ఆ రోజు" అన్నాడు. సుగుణ రాజీకి వచ్చిన ఇద్దరిలో ఆయన ఒకడు. అవునని ఒప్పుకున్నాను. తర్వాతే నా మాట విన్నాడు.

పాల సెంటరుతో అందరికీ అందలేదు. ఆవు లేని వాళ్ళు అక్కడికి రారు. దళితవాడల్లో చాలా ఇళ్ళకు ఆవు లేదు. ఉన్నా, పెద్ద కులం ఆమె నడిపే సెంటరులో మనసులో మాట చెప్పరు, చెప్పమని అడిగే హక్కు కూడా మాకు లేదు. వాళ్ళ కోసం ఉపాధి హామీ పనుల దగ్గర అదే వాడకు చెందిన, పని చూసుకునే ఆడ మేట్లతో మొదలుపెట్టాం. పని ఉన్న రోజులే ఆ దారి ఉంటుంది. పని ఆగిన నెలల్లో ఏం చెయ్యాలో ఇంకా తేలలేదు. మా రిజిస్టర్‌లో 'పరిష్కారం' అన్న గడి తీసేశాం. అక్కడిప్పుడు మళ్ళీ మాట్లాడాల్సిన తేదీ రాస్తాం.

సుగుణ చెయ్యి అతుక్కుంది, కొంచెం వంకరగా. పాలు పితికేటప్పుడు లాగుతుందంట. వాళ్ళమ్మ ఫోన్ చెయ్యడం లేదు. అవ్వ మాత్రం పాపకు కూడా మేనరికమే చెయ్యాలని ఇప్పటి నుంచే అంటోంది. అందుకే సుగుణ మమ్మల్ని ఒక సాయం అడిగింది. పాపకు ఆరో తరగతికి కస్తూర్బా విద్యాలయంలో, హాస్టల్లో ఉండి చదివే సీటు. ఫారం నింపాం. సుగుణ సంతకం పెట్టింది. పాపే ఒప్పుకోలేదు. బడి బాగుండదని కాదు. పాల సెంటరులో పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే, కాళ్ళు ఊపుకుంటూ చెప్పింది.

"నేను హాస్టలుకు పోతే, మళ్ళా నాయన కొడితే, పాలు ఎవురు తెచ్చేది? అమ్మ రాలేదని మీకు ఎట్ట తెలిసేది?"

అప్పుడు తెలిసింది, ఆ మూడు రోజులూ ఆ పిల్లకు క్యాను మోయమని ఎవరూ చెప్పలేదని. అక్క అడుగుతుందని ఆ పిల్లే మోసుకొచ్చింది. ఫారం ఇంకా పంపలేదు. వచ్చే మంగళవారం పాపతో మళ్ళీ కూర్చుంటున్నాం, పాల సెంటరు అక్క కూడా వస్తుంది.